వీఎన్ఎస్ పెట్టించుకున్నాక గొంతు బొంగురుపోతే, దగ్గు వస్తే, పొలమారితే: ఏం చేయాలి, ఎలా చేయాలి

మందులతో ఫిట్స్ అదుపులోకి రాని వాళ్లకు ఎడమ కాలర్ ఎముక కింద, చర్మం లోపల చిన్న పెట్టె అమర్చి, దాని తీగను మెడలోని ఎడమ వేగస్ నరానికి చుట్టి కరెంటు పంపే చికిత్సను వీఎన్ఎస్ (వేగస్ నర్వ్ స్టిమ్యులేషన్) అంటారు. అమెరికాలో మందులను, వైద్య పరికరాలను అనుమతించే సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని మూర్ఛకు 1997లో అనుమతించింది. ఫిట్స్ తగ్గడానికి నెలలు పడుతుంది. గొంతులో తేడా మాత్రం కరెంటు పెట్టిన రోజే తెలుస్తుంది. తొలినాటి పరీక్షల్లో ఎక్కువ కరెంటు ఇచ్చిన వాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మందికి గొంతు మారింది. ఏళ్లు గడిచేకొద్దీ చాలామందిలో ఇది తగ్గింది.

నల్లగొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో హైదరాబాద్ వంద కిలోమీటర్లు. దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్ వైపు వాళ్లకు ఒక రోజు కూలి, బస్సు ఛార్జీలు, తోడుగా ఒక మనిషి కావాలి. అందుకే చాలామంది గొంతు బాధను ఓర్చుకుంటూ కూర్చుంటారు. లేదా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గొంతునొప్పి మందులు వాడుతుంటారు. రెండూ తప్పే. ఈ బొంగురు జలుబు వల్ల వచ్చింది కాదు, కరెంటు వల్ల వచ్చింది. కరెంటును సరిచేయడమే దీనికి మందు. అది డాక్టర్ కంప్యూటర్ ముందు కొన్ని నిమిషాల పని. ఆ పని సరిగ్గా జరగాలంటే మీరు సరైన సమాచారంతో వెళ్లాలి.

గొంతుకే ఎందుకు తగులుతుంది

వేగస్ నరం మెదడు నుంచి మెడ గుండా ఛాతీలోకి, పొట్టలోకి దిగుతుంది. స్వరతంత్రులను కదిలించే నరం ఇందులోంచే విడివడుతుంది. ఎడమ వైపు అది ఛాతీలోకి దిగి, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం కిందుగా మలుపు తిరిగి, మళ్లీ పైకి వచ్చి స్వరపేటికను చేరుతుంది. తీగ చుట్టిన చోట ఆ పోగులు ఇంకా పెద్ద నరం లోపలే ఉంటాయి. పైగా అవి లావు పోగులు, తక్కువ కరెంటుకే స్పందిస్తాయి. ఫిట్స్‌ను తగ్గించే పోగులు మేల్కొనేలోపే గొంతు పోగులు మేల్కొంటాయి. ఎడమ స్వరతంత్రి బిగుసుకుంటుంది, గొంతు బొంగురుపోతుంది. కరెంటు ఆగగానే తంత్రి వదులవుతుంది, మాట మామూలవుతుంది.

అందువల్ల కరెంటు నడిచే సమయంలో కొద్దిగా బొంగురు రావడం యంత్రం పనిచేస్తోందనడానికి గుర్తు. భయపడనక్కరలేదు. మాట అర్థం కాకపోవడం, తిండి దిగకపోవడం, ఊపిరి ఆడకపోవడం మాత్రం భరించాల్సినవి కావు.

ఆపరేషన్‌కు ముందే చేయాల్సింది

ఫోన్‌లో మీ గొంతును రికార్డు చేసి పెట్టుకోండి. ఒకటి నుంచి ముప్ఫై దాకా లెక్కపెట్టండి. ఒక పేరా చదవండి, చదువు రాకపోతే ఇంట్లో వాళ్ల పేర్లు చెప్పండి. తర్వాత గట్టిగా ఊపిరి పీల్చి, ఒకే ఊపిరిలో "ఆ" అని ఎంతసేపు పట్టగలరో చూడండి. ఆ సెకన్లు రాసి ఉంచండి. రేపు గొంతు మారిందో లేదో, ఎంత మారిందో పోల్చడానికి ఇంతకంటే మంచి ఆధారం లేదు.

గతంలో థైరాయిడ్ ఆపరేషన్ లేదా మెడకు వేరే ఆపరేషన్ అయినా, ముందు నుంచే గొంతు బొంగురుగా ఉన్నా, తినేటప్పుడు పొలమారుతున్నా, నిద్రలో గురకతో ఊపిరి ఆగుతున్నా ఆ సంగతి సర్జన్‌కు తప్పక చెప్పండి. కుడి స్వరతంత్రి ముందే పడిపోయి ఉంటే ఎడమ దాన్ని కదిలించే ఈ చికిత్స ప్రమాదం కావచ్చు. ఈఎన్‌టీ డాక్టర్ సన్నని గొట్టంతో స్వరపేటికను ఒకసారి చూస్తే తేలిపోతుంది.

మొదటి అడుగు: ఇది ఏ రకం బొంగురో తేల్చుకోండి

ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో గొంతు గరగర ఉంటుంది. మత్తు ఇచ్చేటప్పుడు వేసిన గొట్టం ఒరుసుకోవడం వల్ల అది కొద్ది రోజుల్లో పోతుంది. సాధారణంగా పెట్టెను ఆపరేషన్ అయిన రెండు వారాలకు గానీ ఆన్ చేయరు. కాబట్టి పెట్టె ఆన్ కాకముందే, గాయం మానుతున్నా గొంతు పూర్తిగా గాలిమాటగా ఉండి, నీళ్లు తాగితే దగ్గు వస్తుంటే దానికి కారణం కరెంటు కాదు. ఆపరేషన్‌లో నరం ఒత్తిడికో వాపుకో గురై ఎడమ తంత్రి కదలకుండా ఉండవచ్చు. ఇది కొద్దిమందికే వస్తుంది, చాలావరకు నెమ్మదిగా కోలుకుంటుంది. అయినా స్వరపేటికను చూపించుకోవాల్సిందే. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో ఈఎన్‌టీ విభాగాలు ఉన్నాయి. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది.

పెట్టె ఆన్ చేశాక అసలు ప్రశ్న ఒకటే: బొంగురు వస్తూ పోతూ ఉందా, రోజంతా ఉందా?

దీన్ని తేల్చడం తేలిక. ఎక్కువమందికి మొదట పెట్టే పద్ధతి 30 సెకన్లు కరెంటు, 5 నిమిషాలు విరామం. అంటే సుమారు ఐదున్నర నిమిషాలకు ఒక చుట్టు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూర్చుని ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి 12 నిమిషాలు ఆగకుండా ఏదైనా చదవండి లేదా మాట్లాడండి. రెండు చుట్లు తప్పక దొరుకుతాయి. గొంతు మారినప్పుడు చెయ్యి ఎత్తమని ముందే చెప్పుకుంటే, ఎదురుగా కూర్చున్న వాళ్లు టైం రాసుకుంటారు. అర నిమిషం పాటు మారి మళ్లీ తేటపడితే అది కరెంటు పనే. పన్నెండు నిమిషాలూ ఒకేలా బొంగురుగా ఉంటే కారణం వేరే ఉండవచ్చు: నరం దెబ్బ, గొంతు వాపు, పుల్లత్రేన్పులు, థైరాయిడ్, బీడీ, గుట్కా. మూడు వారాలు దాటినా తగ్గని బొంగురును వీఎన్ఎస్ ఖాతాలో వేసి వదిలేయకూడదు, ఈఎన్‌టీ చూడాలి.

ఒక చిక్కు ఉంది. కొందరికి 7 సెకన్లు కరెంటు, 18 సెకన్లు విరామం అనే వేగవంతమైన పద్ధతి పెడతారు. కరెంటు ఎక్కడానికి, దిగడానికి పట్టే సమయం కలిపితే రోజులో దాదాపు 44 శాతం సేపు నరం మీద కరెంటు ఉంటుంది. 30 సెకన్లు, 5 నిమిషాల పద్ధతిలో ఇది సుమారు 10 శాతమే. వేగం పెట్టిన వాళ్లకు బొంగురు రోజంతా ఉన్నట్టే అనిపిస్తుంది. కాబట్టి మీ పద్ధతి ఏదో తెలియకుండా రికార్డింగ్‌ను అర్థం చేసుకోలేం.

రెండో అడుగు: మీ సెట్టింగ్ కాగితం అడిగి తీసుకోండి

సెట్టింగ్ మార్చిన ప్రతిసారీ ఈ అంకెలు రాసి ఇమ్మని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు, అది మీ శరీరంలో నడిచే కరెంటు.

కరెంటు మోతాదు, మిల్లీయాంపుల్లో. మామూలుగా 0.25 దగ్గర మొదలుపెట్టి, రెండు వారాలకోసారి 0.25 చొప్పున పెంచుతూ 1.5 నుంచి 2 వరకు తీసుకెళ్తారు. 1.5 చేరాలంటే ఐదు పెంపులు, అంటే పది వారాలు.

పల్స్ వెడల్పు, అంటే ఒక్కో కరెంటు తుళ్లు ఎంతసేపు ఉంటుందో, మైక్రోసెకన్లలో. సాధారణంగా 250 లేదా 500.

ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకు ఎన్ని తుళ్లో, హెర్ట్జ్‌లలో. 20, 25 లేదా 30.

ఆన్ సమయం, ఆఫ్ సమయం.

పెట్టెతో పాటు ఇచ్చే అయస్కాంతాన్ని దాని మీదుగా తిప్పినప్పుడు వచ్చే అదనపు కరెంటు, అది ఎంతసేపు వస్తుందో. ఇది మామూలు మోతాదు కంటే కొంచెం ఎక్కువగా, 60 సెకన్ల పాటు ఉండేలా పెడుతుంటారు. అందుకే ఫిట్ వచ్చినప్పుడు అయస్కాంతం తిప్పాక గొంతు ఎక్కువగా పట్టేస్తుంది.

మీది గుండె వేగాన్ని గమనించి తానే కరెంటు ఇచ్చే మోడల్ అయితే, ఆ కరెంటు మోతాదు ఎంత, గుండె వేగం ఎంత శాతం పెరిగితే అది మొదలవుతుంది అన్నవి కూడా. ఈ శాతం 20 నుంచి 70 మధ్య పెట్టవచ్చు. 20 పెడితే చిన్న శ్రమకు కూడా కరెంటు వస్తుంది. మెట్లు ఎక్కినప్పుడు, నాట్లు వేసేటప్పుడు, బతుకమ్మ ఆడేటప్పుడు మాత్రమే గొంతు పోతోందంటే తప్పు మామూలు మోతాదుది కాకపోవచ్చు, ఈ అంకెది కావచ్చు. "కూర్చుంటే బాగుంది, పని చేస్తే బొంగురు" అన్న ఒక్క మాట డాక్టర్‌కు చెబితే ఎక్కడ చూడాలో ఆయనకు అర్థమవుతుంది. ఈ ఒక్క మాట చెప్పక, మామూలు మోతాదు తగ్గించుకుని ఇంటికి వచ్చి, మళ్లీ ఫిట్స్ పెరిగి బాధపడే వాళ్లున్నారు.

కొత్త మోడళ్లలో మరో సౌకర్యం ఉంది: ముందే తేదీలు వేసి పెడితే, ఆసుపత్రికి రాకుండానే పెట్టె తనంతట తాను మోతాదు పెంచుకుంటుంది. దూరంలో ఉన్న వాళ్లకు ఇది నిజంగా మేలు. కానీ ఏ తేదీన, ఏ టైంకు పెరుగుతుందో రాయించుకోకపోతే, ఒకరోజు పొద్దున హఠాత్తుగా గొంతు పట్టేసి ఇంట్లో అందరూ కంగారుపడతారు.

మూడో అడుగు: వారం పాటు రాయండి

పెద్ద డైరీ అక్కర్లేదు. రోజుకు ఒక్క వరుస చాలు: బొంగురు ఎప్పుడెప్పుడు, దగ్గు ఎన్నిసార్లు, తినేటప్పుడు పొలమారిందా, నడిస్తే ఆయాసమా, రాత్రి గురక పెరిగిందా, ఫిట్ వచ్చిందా, అయస్కాంతం వాడారా. చివరిది మరిచిపోవద్దు. అయస్కాంతం ఎక్కువసార్లు తిప్పిన రోజున గొంతు ఎక్కువ బాధపడుతుంది.

మోతాదు పెంచిన తర్వాత మొదటి కొద్ది రోజులు ఇబ్బంది ఎక్కువగా ఉండి, తర్వాత సర్దుకోవడం సహజం. మీ రాతలో రోజురోజుకూ తగ్గుతుంటే ఓపిక పట్టండి. రెండో వారంలోనూ అలాగే ఉంటే, ఇంకా పెరుగుతుంటే తర్వాతి పెంపుకు ఒప్పుకోకముందే ఆ కాగితం చూపించండి.

నాలుగో అడుగు: క్లినిక్‌లో ఏం అడగాలి

"గొంతు బాగాలేదు, తగ్గించండి" అంటే డాక్టర్ కరెంటు తగ్గించేస్తారు. గొంతు బాగవుతుంది, ఫిట్స్ అదుపూ పోవచ్చు. కరెంటు తగ్గించే ముందు వేరే దారులున్నాయి. వాటిని పేరు పెట్టి అడగండి.

మొదట పల్స్ వెడల్పు. అది 500 ఉంటే 250కు తగ్గించవచ్చా అని అడగండి. గొంతు, మెడ బాధలకు చాలాసార్లు ఇదే పనిచేస్తుంది. వెడల్పు తగ్గాక అవసరమైతే కరెంటును కొంచెం పెంచినా తట్టుకోగలుగుతారు. రెండోది ఫ్రీక్వెన్సీ, 30 నుంచి 25కో 20కో. అప్పటికీ కుదరకపోతే కరెంటును ఒక మెట్టు దించి, కొన్ని వారాలు అక్కడే ఉంచి మళ్లీ ఎక్కించడం. కొత్త మోడళ్లలో మెట్టును 0.125కు కూడా కుదించవచ్చు. 0.25 తట్టుకోలేని గొంతు 0.125ను తట్టుకోవచ్చు. ఎంత అవసరం, ఏది ముందు అన్నది మీ ఫిట్స్ రకాన్ని బట్టి డాక్టర్ నిర్ణయిస్తారు. అడగడం మాత్రం మీ పని.

సెట్టింగ్ మార్చిన వెంటనే బస్టాండ్‌కు పరుగెత్తకండి. అక్కడే అరగంట కూర్చోండి. మాట్లాడండి, మెల్లగా నీళ్లు తాగండి, వరండాలో నడవండి. ఈ అరగంటలో మామూలు పద్ధతిలో ఐదారు సార్లు కరెంటు వస్తుంది. ఏ ఒక్కసారైనా ఊపిరి బిగపట్టినట్టు, దగ్గు ఆగనట్టు, పళ్ల దాకా నొప్పి పాకినట్టు అనిపిస్తే అక్కడికక్కడే తగ్గించుకోవచ్చు. చౌటుప్పల్ దాటాక తెలిస్తే మళ్లీ ఇంకో రోజు పోతుంది.

ఐదో అడుగు: మాట్లాడే పని ఉన్నప్పుడు

పెట్టెతో పాటు ఇచ్చే అయస్కాంతానికి రెండు పనులున్నాయి, రెండూ ఒకదానికొకటి వ్యతిరేకం. పెట్టె మీదుగా ఒక సెకను పాటు అడ్డంగా తిప్పి తీసేస్తే అదనపు కరెంటు వస్తుంది. పెట్టె మీద కదలకుండా ఉంచితే, ఉంచినంతసేపు కరెంటు ఆగిపోతుంది. తీసేశాక మళ్లీ మామూలుగా నడుస్తుంది. గొంతు పట్టేసిందని అయస్కాంతాన్ని ఇలా పెట్టి అలా తీసేస్తే ఆపినట్టు కాదు, ఇంకో డోసు ఇచ్చినట్టు.

బడిలో పాఠం చెప్పాల్సిన వాళ్లు, పెళ్లిలో పాడాల్సిన వాళ్లు, ఇంటర్వ్యూకు వెళ్లే పిల్లలు ఆ కొద్దిసేపు అయస్కాంతాన్ని మెడికల్ టేపుతో పెట్టె మీద అంటించుకోవచ్చు. ఇది డాక్టర్‌ను అడిగి, మీకు సరేనన్నాకే. ఎందుకంటే ఆ సమయంలో మీకు రక్షణ ఉండదు. పని అయిపోగానే తీసేయాలి. రోజంతా అంటించుకుని తిరిగితే పెట్టె పెట్టించుకున్న ప్రయోజనమే పోతుంది. టేపు వేయడం రోజూ అలవాటయితే సెట్టింగ్ సరిగా లేదని అర్థం, క్లినిక్‌కు వెళ్లాలి. అయస్కాంతాన్ని ఏటీఎం కార్డులకు దూరంగా పెట్టండి. వినాయక చవితి మండపం దగ్గర పెద్ద స్పీకర్ పెట్టెలకు ఛాతీ ఆనించి నిలబడొద్దు. బలమైన అయస్కాంతాలకూ పెట్టెకూ మధ్య కనీసం జానెడు దూరం ఉండాలి.

గొంతు పట్టేసినప్పుడు అరవొద్దు, గుసగుసలాడొద్దు. గుసగుస కూడా తంత్రులకు శ్రమే. ఆ అర నిమిషం ఆగి, తర్వాత నెమ్మదిగా మాట్లాడండి. గొంతు సవరించుకోవడం అలవాటు చేసుకోవద్దు, బదులుగా ఒక గుక్క నీళ్లు మింగండి. కారం దంచేటప్పుడు, మిరపకాయలు వేయించేటప్పుడు ఆ ఘాటుకు దూరంగా ఉండండి. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో, జిన్నింగ్ మిల్లుల్లో పనిచేసే వాళ్లు ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. కరెంటు వల్ల ఇప్పటికే చురుక్కుమంటున్న గొంతు దుమ్ముకు ఇంకా తొందరగా దగ్గుతుంది.

పిల్లలకు ఈ పెట్టె ఉంటే బడిలో టీచర్‌కు చెప్పి ఉంచండి. పాఠం చదువుతూ మధ్యలో గొంతు మారితే వెక్కిరించకుండా అర నిమిషం ఆగమని చెబితే చాలు.

ఆరో అడుగు: తిండి, నీళ్లు, మాత్రలు

దీని మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. బొంగురు మనసును బాధిస్తుంది, మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. బుద్ధి ఎదుగుదల తక్కువైన పిల్లల్లో, మంచం మీద ఉండి తినే వాళ్లలో ఈ ముప్పు ఎక్కువ.

ఇరవై నిమిషాలు భోంచేస్తే మామూలు పద్ధతిలో మూడు నాలుగు సార్లు కరెంటు వస్తుంది. గొంతులో జలదరింపు మొదలైందని తెలిసే వాళ్లు ఆ బుక్కను నోట్లోనే ఉంచి, అర నిమిషం ఆగి, తేటపడ్డాక మింగాలి. తెలియజెప్పలేని పిల్లలకు, ప్రతి పూటా పొలమారే వాళ్లకు, భోజనం చేసేంతసేపు అయస్కాంతాన్ని టేపుతో అంటించమని డాక్టర్లే సలహా ఇస్తుంటారు. మూతి తుడిచి, నోరు ఖాళీ అయిందని చూసుకున్నాకే టేపు తీయాలి.

కూర్చోబెట్టి తినిపించండి, వెన్ను నిటారుగా. గదవ కొద్దిగా కిందికి దించి మింగమనండి. తల వెనక్కి వాల్చి నోట్లో నీళ్లు పోయడం అన్నిటికంటే ప్రమాదం. తిన్నాక అరగంట పడుకోబెట్టొద్దు.

ఏం తినాలి అన్నది మన వంటల్లోనే చూసుకోవచ్చు. ఎండు జొన్న రొట్టె, సజ్జ రొట్టె, సకినాలు, అటుకులు పొడిపొడిగా రాలి గొంతులో గీరుకుంటాయి. రొట్టెను పప్పులోనో పెరుగులోనో నానబెట్టి మెత్తబడ్డాక పెట్టండి. జొన్న గటక, చిక్కటి రాగి అంబలి, మెత్తగా పిసికిన పెరుగన్నం తేలిగ్గా దిగుతాయి. బాగా పలచటి పచ్చిపులుసు, చారు పోసిన అన్నం కష్టం. మెతుకు నోట్లో ఉండగానే చారు ముందు జారి గొంతులోకి పోతుంది, పులుపూ కారమూ కలిసి దగ్గు తెస్తాయి. నీళ్లకే పొలమారుతుంటే పలచని సల్ల కంటే చిక్కటి మజ్జిగ నయం. చిక్కగా ఇచ్చినా పొలమారితే ఇంటి చిట్కాలతో ఆగకండి, మింగే తీరును పరీక్ష చేయించాలి.

ఫిట్స్ మాత్రలు గొంతులో అడ్డం పడుతున్నాయని నూరి ఇస్తుంటారు. పేరు పక్కన సీఆర్, ఈఆర్, క్రోనో అని ఉన్న మాత్రలను నూరకూడదు. రోజంతా నెమ్మదిగా విడుదల కావాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి దిగిపోతుంది. దిగడం కష్టంగా ఉంటే సిరప్ రూపంలో మార్చమని అడగండి. ఏ మాత్రనైనా కరెంటు ఆగిన వెంటనే, ఒక చెంచా పెరుగుతో ఇవ్వండి. పెట్టె ఉంది కదా అని మాత్రలు మానడం ఎప్పుడూ చేయొద్దు.

చేయకూడనివి

గొంతు నొప్పి అంటే ఊళ్లో మొదట రాసేది యాంటీబయాటిక్. కరెంటు వల్ల వచ్చిన బాధకు అది దండగ. అంతకు మించి, కార్బమజెపిన్ వాడే వాళ్లకు ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ ఇస్తే ఒంట్లో కార్బమజెపిన్ మోతాదు పెరిగిపోతుంది. కళ్లు తిరుగుతాయి, ఒకటి రెండుగా కనిపిస్తుంది, నడక తూలుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, నొప్పికి ఇచ్చే ట్రమడాల్ ఫిట్స్‌ను రెచ్చగొట్టగలవు. నిజంగానే జ్వరంతో గొంతు ఇన్ఫెక్షన్ వచ్చినా, మందు రాసే వాళ్లకు ఫిట్స్ మాత్రల చీటీ ముందు చూపించండి. దగ్గు సిరప్ కూడా అడిగే కొనండి, మత్తు తెచ్చేవి వద్దు.

మరిగే గిన్నె మీద దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టడం ఫిట్స్ ఉన్న మనిషికి చాలా ప్రమాదం. ఆ క్షణంలో ఫిట్ వస్తే ముఖం, ఛాతీ కాలిపోతాయి. గొంతు ఎండిపోయినట్టుంటే గోరువెచ్చని నీళ్ల గ్లాసులో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించండి, తరచుగా నీళ్లు తాగండి. పొడిదనం తగ్గుతుంది. కరెంటు వల్ల వచ్చే బొంగురు మాత్రం దీనితో పోదు. మిరియాల కషాయంతోనూ పోదు. అది పనిచేయలేదని ఇంకా ఘాటుగా తాగితే పుల్లత్రేన్పులు మొదలై గొంతు ఇంకా చెడుతుంది.

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది డయాథర్మీ గురించి. మెడ నొప్పి, భుజం నొప్పి అని ఫిజియోథెరపీ సెంటర్‌కు వెళ్తే అక్కడ షార్ట్‌వేవ్ డయాథర్మీతోనో, అల్ట్రాసౌండ్ మెషీన్‌తోనో వేడి పెడతారు. వీఎన్ఎస్ ఉన్న వాళ్లకు ఇది ఒంట్లో ఎక్కడా పెట్టకూడదు, మోకాలికైనా సరే. ఆ శక్తి తీగ గుండా పోయి, నరం చుట్టూ ఉన్న కండను కాల్చేయగలదు. కడుపు చూసే మామూలు అల్ట్రాసౌండ్ స్కాన్ వేరు, దానికి భయం లేదు. ఎంఆర్‌ఐ ముందు పెట్టె మోడల్ చెప్పి, కరెంటు సున్నా చేయించి, తర్వాత మళ్లీ ఆన్ చేయించుకోవాలి. పంటి వైద్యం, వేరే ఆపరేషన్, మత్తు, ఏదైనా సరే ముందే చెప్పాలి. పెట్టె కార్డు పర్సులో ఉండాలి.

రాత్రి ఊపిరి సంగతి

పగటి గొంతును అందరూ గమనిస్తారు, రాత్రిని ఎవరూ చూడరు. కరెంటు నడిచేటప్పుడు కొందరికి నిద్రలో ఊపిరి పలచబడుతుంది, గురక మధ్యలో ఆగి ఆగి వస్తుంది. పక్కన పడుకునే వాళ్లు రెండు మూడు రాత్రులు గమనించి, ఊపిరి ఆగుతున్నట్టుంటే ఫోన్‌లో రికార్డు చేయాలి. పొద్దున లేచాక తలనొప్పి, పగలంతా తూగు ఉన్నా సరే, నిద్ర పరీక్ష అడగండి. నిద్ర చెడితే ఫిట్స్ పెరుగుతాయి. అప్పుడు పెట్టె పనిచేయడం లేదనుకుని మోతాదు పెంచితే నిద్ర ఇంకా చెడుతుంది. కొన్ని కొత్త మోడళ్లలో రాత్రికి వేరే సెట్టింగ్, పగటికి వేరే సెట్టింగ్ పెట్టవచ్చు.

వెంటనే వెళ్లాల్సినవి

ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు శబ్దం, కరెంటు వచ్చినప్పుడల్లా స్పృహ తప్పడం, అయస్కాంతం తిప్పినా తిప్పకపోయినా కరెంటు ఆగకుండా వస్తున్నట్టు మెడ నిరంతరం లాగడం. ఈ చివరి దానికి మొదట అయస్కాంతాన్ని పెట్టె మీద అంటించి, ఆపైన ఆసుపత్రికి బయల్దేరండి. ఊపిరి ఇబ్బంది, స్పృహ తప్పడం అయితే 108కి ఫోన్ చేయండి. మెడ గాటు ఎర్రబడి వాచినా, చీము కారినా, పొలమారిన ఒకటి రెండు రోజుల్లో జ్వరం, కఫం, ఆయాసం వచ్చినా ఆ రోజే చూపించాలి.

గొంతు హఠాత్తుగా బాగైతే

నెలల తరబడి కరెంటు వచ్చినప్పుడల్లా బొంగురుపోయే గొంతు ఒక్కసారిగా పూర్తిగా తేటపడిందనుకోండి. నెమ్మదిగా అలవాటుపడటం వేరు, ఒక్క రోజులో పోవడం వేరు. ఒక్క రోజులో పోయిందంటే బ్యాటరీ అయిపోయి ఉండవచ్చు, తీగ తెగి ఉండవచ్చు. పడిపోయిన తర్వాత, బరువు మోసిన తర్వాత, మెడలో చురుక్కున షాక్ కొట్టినట్టు అనిపించిన తర్వాత ఇలా జరిగితే మరీ అనుమానించాలి. అయస్కాంతాన్ని పెట్టె మీదుగా ఒకసారి తిప్పి చూడండి. రోజూ గొంతులో తెలిసే లాగుడు ఇప్పుడు ఏమీ తెలియకపోతే వారం ఆగొద్దు. క్లినిక్‌లో తీగ నిరోధం (తీగలో కరెంటుకు ఎంత అడ్డంకి ఉందో) చూసే పరీక్ష చేయమనండి, అవసరమైతే మెడ, ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. అప్పటిదాకా మాత్రలు తప్పకుండా వేయండి, స్నానానికి, బావి దగ్గరికి, పొయ్యి దగ్గరికి ఒంటరిగా పంపొద్దు.

బ్యాటరీ మార్చాక పాత మోతాదు నేరుగా పెట్టమని మీరే తొందరపెట్టొద్దు. కొంతకాలం కరెంటు లేకుండా ఉన్న గొంతు పాత అలవాటును మరిచిపోతుంది. మళ్లీ కిందినుంచి మెట్టు మెట్టుగా ఎక్కించమని అడగండి. పాత సెట్టింగ్ కాగితాలు దాచిపెట్టుకుని ఉంటే, ఏ మోతాదు దగ్గర మీ గొంతు మొరాయించిందో డాక్టర్‌కు చూడగానే తెలుస్తుంది.